చంద్రమండల యాత్రయు ఛాయాచిత్రముల సాక్ష్యమును

గడచిన సంవత్సరము భౌతికశాస్త్ర పాఠము జరుగుచుండగా తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టారండీ, చంద్రునిమీదికి మనుష్యులు పోనేలేదటండి. ఆ ఫొటోలన్నియు స్టూడియోలో తీసినవటండి. లేకున్న ఆకాశములో ఒక్క నక్షత్రమైనను ఏల లేదండి?" అని మమ్ము నడిగెను. అప్పుడు మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము. పాఠము ముగింపవలెనను తొందరలో "పిచ్చిమాటలు చాలించి కూర్చుండుము" అని గద్దించితిమి. వాడు కూర్చుండెను. కాని వాని ముఖమున కానవచ్చినది ఒప్పుకోలు కాదు. జవాబు తెలియనివాడే కోపపడునని వాడు గ్రహించినట్లు మాకు తోచెను. వాని యూహ చాలవరకు సరియే. ఆ సాయంకాలము ఇంటికి పోయి అదే ప్రశ్నను మేమే వేసికొనగా తృప్తికరమగు సమాధానము మాకు వెంటనే తట్టలేదు. విద్యార్థి ప్రశ్నను అణచివేయరాదని శిక్షణ కళాశాలలో సుమారు ఇరువదియేండ్ల క్రిందట మాకు నేర్పిరి, అది మరచితిమి. ఆ బాలునికి చెల్లింపవలసిన ఋణమే యీ వ్యాసము.

జరిగిన సంగతి క్లుప్తముగా చెప్పెదము. 1969వ సంవత్సరము జూలై 16వ తేదీని అమెరికాదేశములోని ఫ్లోరిడా తీరమునుండి అపోలో 11 అను యాత్ర బయలుదేరెను. అందు నీల్ ఆర్మ్‌స్ట్రాంగు, ఎడ్విన్ ఆల్డ్రిన్, మైకేల్ కాలిన్సు అను మువ్వురుండిరి. జూలై 20వ తేదీని మొదటి యిద్దరును ప్రశాంత సముద్రమను పేరుగల మైదానమున దిగిరి. పేరునకు సముద్రమే గాని అచ్చట నీటిబొట్టు లేదు. కాలిన్సు పైన చంద్రుని చుట్టును తిరుగుచుండెను. అది మొదలు 1972 డిసెంబరు వరకు ఆరు యాత్రలలో పన్నెండుగురు చంద్రతలముపై నడచిరి. వేలకొలది ఛాయాచిత్రములను, 382 కిలోగ్రాముల రాళ్లను, మట్టిని తెచ్చిరి.

సందేహముగూడ పాతదే. 1976లో బిల్ కేసింగ్ అను నతడు, మనమెన్నడును చంద్రునికడకు పోలేదని వాదించుచు సొంతముగా నొక పుస్తకము ప్రకటించెను. రాకెట్టు యంత్రములు చేయు కంపెనీలో అతడు పనిచేసినమాట నిజమే గాని, 1963లోనే ఆ కొలువు వదలెను. 1978లో అంగారకయాత్రను స్టూడియోలో నటించి లోకమును మోసగించినట్లు కథ యల్లిన చలనచిత్రమొకటి వెలువడెను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యొక టెలివిజన్ సంస్థ ఇదే విషయముపై కార్యక్రమము ప్రసారము చేయగా సంశయము ఇంటింటికిని ప్రాకెను. నేడది చేతిఫోనులలో మన పిల్లల కందుచున్నది. ఈ సంశయాత్ములందరును వెర్రివారని మేమనము. వియత్నాము యుద్ధ విషయమునను వాటర్‌గేటు విషయమునను తమ ప్రభుత్వము తమతో అసత్యములాడినదని ఆ దేశప్రజలు ఆ యేండ్లలోనే కనుగొనిరి. ఒకసారి మోసపోయినవాడు మజ్జిగనుగూడ ఊదుకొని త్రాగుట సహజమే గదా.

ఇంతకును ఛాయాచిత్రము అబద్ధమాడునా? ఆడును. ఈ మాట మొదటనే ఒప్పుకొనుట మేలు. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ గ్రామమున ఇద్దరు బాలికలు కాగితముపై గీసిన దేవకన్యల బొమ్మలను కత్తిరించి, చెట్టుచేమల నడుమ నిలిపి, ఫొటోలు తీసిరి. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటివాడు వానిని నమ్మి 1920లో పత్రికకెక్కించెను. అవి బొమ్మలేయని ఆ బాలికలు ముదుసలులైన పిమ్మట 1983లోగాని ఒప్పుకొనలేదు. కావున "ఫొటో యున్నది గనుక నిజము" అను వాదము చెల్లదు. కాని ఆ తర్కమే రెండవ ప్రక్కకును వర్తించును. "ఫొటో వింతగా నున్నది గనుక అబద్ధము" అనుటయు చెల్లదు. ఆ వింతకు కారణమేమో విచారింపవలెను.

ముందుగా కెమెరా సంగతి. యాత్రికులు చంద్రునిమీద వాడినది స్వీడనుదేశపు హాసల్‌బ్లాడు కెమెరా. దాని లెన్సు జర్మనీదేశపు జైస్ కంపెనీది. ఫిలిము వెడల్పు 70 మిల్లీమీటర్లు. కెమెరాను దుస్తుల యెదుట రొమ్ముమీద తగిలించుకొనిరి. ఎదుటనున్నది చూచుకొనుటకు అందు అద్దము లేదు. శరీరమునే దృశ్యమువైపు త్రిప్పి మీట నొక్కవలెను. ఫిలిమునకు ముందు సన్నని గాజుపలక యొకటి అమర్చిరి. దానిపై వరుసకు అయిదు చొప్పున 25 చిన్న కూడికగుర్తులు చెక్కబడియున్నవి. చిత్రములో దూరములు కొలుచుటకును, ఫిలిము సాగినను ముడిగినను కనిపెట్టుటకును అవి యుపయోగించును. చిత్రములన్నియు ఇంత చక్కగా కుదురుట యెట్లని కొందరడుగుదురు. అన్నియు కుదరలేదు. వంకరగా వచ్చినవి, తలలు తెగినవి, ఎండ సోకి పాడయినవి ఎన్నియో కలవు. పత్రికలవారు మంచివానినే ఏరి వేసిరి. మనమును పెండ్లి ఆల్బములో కన్నులు మూసికొన్న ఫొటోలను అంటింపము.

ఇక నక్షత్రములు. మా విద్యార్థి ప్రశ్న యిదియే గనుక దీనిని సావకాశముగా విచారింతము. కెమెరాలోనికి ఎంత వెలుతురు పోవలెనో నిర్ణయించునవి రెండు: లెన్సుద్వారపు వెడల్పు, షట్టరు తెరచియుండు కాలము. ఆకాశము నల్లగా నుండుట చూచి మనము ఆ చిత్రములను రాత్రి తీసినట్లు భావింతుము. అచ్చటనే పొరపాటు కలుగుచున్నది. అవి పగటి చిత్రములు. భూమిమీద గాలి సూర్యరశ్మిని చెదరగొట్టుటచేత పగటియాకాశము నీలముగా వెలుగును. చంద్రునిమీద గాలి లేదు గనుక సూర్యుడు మండుచుండగనే ఆకాశము నల్లగా నుండును. నేలమీద మాత్రము మన పట్టపగటివంటి యెండ. ఆ యెండలో తెల్లని దుస్తులు ధరించి నిలుచున్న మనుష్యుని తీయుటకు షట్టరును సామాన్యముగా సెకనులో 250వ వంతు మాత్రమే తెరచిరి. నక్షత్రములు ఫిలిముమీద చక్కగా పడవలెనన్న అనేక సెకనులు తెరచియుంచవలెను. 5 సెకనులే యనుకొన్నను అది 1,250 రెట్లు. అంతసేపు తెరచినచో నక్షత్రములు వచ్చును గాని మనుష్యుడును, నౌకయు, నేలయు కలిసి ఒక్క తెల్లని మరకయై పోవును.

చెప్పినమాట విననివానికి చూపుటయే దారి. ఒక రాత్రి వసతిగృహపు బాలురను వెంటబెట్టుకొని ఆటస్థలమునకు పోతిమి. చేతిఫోను తనంతట తానే వెలుతురును సవరించుకొని పలుచిత్రములను ఒకటిగా కలుపును గనుక, షట్టరును చేతితో నమర్చగల కెమెరాను తీసికొంటిమి. తెల్లచొక్కా తొడిగిన బాలుని వరండా మెట్లపై విద్యుద్దీపము క్రింద నిలిపి, సెకనులో 30వ వంతు తెరచి తీయగా, బాలుడు స్పష్టముగా వచ్చెను; వెనుక ఆకాశము కాటుకవలె నుండెను. అదే కెమెరాను ముక్కాలిపీటపై బిగించి 8 సెకనులు తెరచితిమి. నక్షత్రములు వచ్చినవి. బాలుని ముఖమునకు మారుగా తెల్లని మచ్చ వచ్చినది. ఆ దీపము సూర్యునియెదుట మిణుగురుపురుగు కూడ కాదని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

నక్షత్రముల ఫొటోలు చంద్రునిమీద బొత్తిగా తీయలేదనుటయు సరికాదు. 1972 ఏప్రిలులో అపోలో 16 యాత్రికులు, జార్జి కరూథర్సు అను నీగ్రో జాతీయుడగు శాస్త్రజ్ఞుడు నిర్మించిన ప్రత్యేకమగు కెమెరాను నౌక నీడలో నిలిపి, కంటికి కానరాని అతినీలలోహిత కిరణములతో నక్షత్రములను, భూమిని ఆవరించియున్న వాయువులను చిత్రించిరి. మరియొక మాట. స్టూడియోలో బొంకు చిత్రములు తీయదలచినవాడు అందరును ఎదురుచూచు నక్షత్రములను పెట్టక మానునా? నాలుగు చిల్లులు పొడిచిన నల్లగుడ్డ చాలునే!

నీడలవిషయము రెండవది. చిత్రములలో నీడలు సమాంతరముగా లేవనియు, కావున వెలుగు సూర్యునిది కాక స్టూడియో దీపములదనియు అందురు. దీపములు రెండైనచో ప్రతి వస్తువునకును నీడలు రెండుండవలెను గదా. ఏ చిత్రమునందును అట్లు లేవు. దీపము ఒక్కటే దగ్గరగా నున్నచో నీడలు దానినుండి చక్రపుటాకులవలె విడిపోవలెను, అదియు లేదు. నీడలు వంకరపోవుటకు కారణము నేల. యాత్రికులు దిగుటకు చంద్రుని ఉదయకాలమునే యెన్నుకొనిరి. అపోలో 11 దిగునప్పుడు సూర్యుడు క్షితిజముపైన సుమారు 10 డిగ్రీలు మాత్రమే లేచియుండెను; నీడ వస్తువు ఎత్తునకు అయిదారు రెట్లు పొడవుండును. అంత పొడవైన నీడ గుంతలో పడిన నొకవిధముగాను, దిబ్బపై పడిన నొకవిధముగాను వంగును. దీనికితోడు, దూరము పోయినకొలది రైలుపట్టాలు కలిసినట్లు కనబడుటవంటి దృష్టిధర్మ మొకటి కలదు. మా యాటస్థలములో వాలీబాలు కంబములకు సాయంకాలము అయిదున్నరకు పడిన నీడలను బాలురు ఫొటో తీయగా, అవియు సమాంతరముగా రాలేదు. అచ్చటి సూర్యుడు ఒక్కడేయని మేము హామీ ఇయ్యగలము.

నీడలోనున్న యాత్రికుడు స్పష్టముగా కనబడుట యెట్లను శంకకు సమాధానము ఇట్టిదే. ఆల్డ్రిన్ నౌక నీడలో నిచ్చెన దిగుచున్న చిత్రమును 2014లో ఎన్‌విడియా అను కంపెనీవారు కంప్యూటరులో లెక్కకట్టి పునర్నిర్మించిరి. ఎండపడిన నేలయు, ఫొటో తీయుచు నిలుచున్న ఆర్మ్‌స్ట్రాంగు తెల్లదుస్తులును ప్రతిఫలించిన వెలుతురే అందుకు చాలునని తేలెను.

తక్కినవానిని త్వరగా చెప్పి ముగింతుము. గాలిలేనిచోట జెండా రెపరెపలాడినదందురు. అది రెపరెప కాదు, ముడుత. జెండా వ్రేలాడకుండ పైయంచున అడ్డకడ్డీ దూర్చిరి. అపోలో 11లో ఆ కడ్డీ పూర్తిగా సాగలేదు గనుక గుడ్డ ముడుతలు పడియుండెను. కూడికగుర్తులు కొన్ని వస్తువులవెనుకకు పోయినట్లున్నవందురు. మిక్కిలి తెల్లనిభాగము ఫిలిముపై పొంగి సన్నని నల్లగీతను మ్రింగివేయును. తెల్లని గోడయెదుట దారమును ఫొటో తీసినవారికిది తెలియును. అపోలో 16 చిత్రమందొక రాతిపై ఆంగ్లాక్షరమున్నదని, అది నాటకసామగ్రికి వేసిన గుర్తని యొక వాదము. మూలఫిలిములో ఆ యక్షరము లేదు; ప్రతి యెత్తునప్పుడు పడిన వెంట్రుకయో నారయో అది.

నాసావారి తప్పులను దాచుట న్యాయము కాదు. ఎల్లరును చూచిన ఆ ప్రసిద్ధ చిత్రములో నిలుచున్నవాడు ఆర్మ్‌స్ట్రాంగు కాడు, ఆల్డ్రిన్. ఆర్మ్‌స్ట్రాంగు అతని ముఖకవచపు అద్దములో చిన్నగా కనబడును. మూలఫిలిములో ఆల్డ్రిన్ తలపైభాగమున చోటులేక సామగ్రి కొంత తెగిపోయినది. పత్రికలకిచ్చునప్పుడు అందముకొరకు పైన నల్లని ఆకాశమును అతికించిరి. ఇది చిన్న పనియే గాని చేయరాని పని. అంతకు మించినది మరియొకటి. అపోలో 11 నుండి నేరుగా అందిన టెలివిజన్ సంకేతములను భద్రపరచిన మూలటేపులను తరువాత చెరిపి వేరొక పనికి వాడియుందురని నాసావారే 2009లో ఒప్పుకొనిరి. ప్రసారసంస్థలయొద్ద నున్న ప్రతులనుండి ఆ దృశ్యములను బాగుచేయవలసివచ్చెను. మా పాఠశాలలో హాజరుపట్టీ పోయినను విచారణ జరుగును. మానవచరిత్రలో అట్టి దినపు టేపును చెరుపుటా! సంశయమునకు వారే నీళ్లు పోసిరి. అయినను ఫొటో ఫిలిములు పోలేదు. అవి హ్యూస్టను నగరమందు శీతలగృహములో నున్నవి.

ఇంతవరకు చెప్పినది ఆక్షేపణలకు సమాధానము మాత్రమే. ఆక్షేపణ వీగిపోయినంతమాత్రమున యాత్ర రుజువు కాదు. చిత్రములే యాత్రకు సాక్ష్యమిచ్చునా అని యడిగినచో, ఇచ్చునని చెప్పుటకు రెండు మూడు కారణములు కలవు.

మొదటిది ధూళి. అపోలో 16లో జాన్ యంగ్ నాలుగుచక్రముల బండిని తోలగా చార్లెస్ డ్యూక్ చలనచిత్రము తీసెను. చక్రములనుండి లేచిన దుమ్ము విసరిన రాయివలె వంపుగా పోయి నేరుగా నేలపై పడుచున్నది. ఎక్కడను మేఘమువలె తేలుట లేదు. మన యెండ్లబండి వెనుక దుమ్ము ఎంతసేపు నిలుచునో పల్లెవాసులకు చెప్పనక్కరలేదు. చంద్రుని ఆకర్షణ భూమి యాకర్షణలో ఆరవవంతు. కావున భూమిమీద తీసిన చిత్రమును ఆరు యొక్క వర్గమూలము, అనగా సుమారు 2.45 రెట్లు నెమ్మదిగా నడిపినచో వస్తువులు చంద్రునిమీదివలె పడునట్లు కనబడును. అంతవరకు మోసము సాధ్యమే. కాని నెమ్మదిగా నడిపినను గాలిలో తేలు దుమ్ము తేలుచునే యుండును. గాలిని పూర్తిగా తోడివేసిన శాల, అదియు బండి స్వేచ్ఛగా పరుగెత్తునంతటి శాల, 1972లో నెక్కడ నుండెను? పై తరగతివారు ఆ చిత్రమును చూచి వంపులను కాగితముపై కొలిచినచో గురుత్వాకర్షణ లెక్కను తామే కట్టవచ్చును.

రెండవది తరువాతి చిత్రములు. 2009లో నాసావారు చంద్రునిచుట్టు తిరుగుటకు పంపిన ఎల్.ఆర్.ఓ. అను ఉపగ్రహము ఆ యారు స్థలములను పైనుండి ఫొటో తీసెను. 2011లో ఇంకను క్రిందికి దిగి తీయగా, నౌకల అడుగుభాగములేగాక యాత్రికుల కాలిబాటలు, బండిజాడలు సన్నని నల్లగీతలుగా కనబడినవి. ఆ బాటలు నాటి నేలమీది ఫొటోలనుబట్టి వేసిన పటములతో సరిపోయినవి. అపోలో 12, 16, 17 జెండాల నీడలు నేటికిని పడుచున్నవని 2012లో తేలెను. అపోలో 11 జెండానీడ మాత్రము లేదు. తాము పైకి లేచునప్పుడు యంత్రపు వాయువు తాకి ఆ జెండా పడిపోవుట చూచితినని ఆల్డ్రిన్ ఆ చిత్రములకు ఎన్నో యేండ్ల ముందే చెప్పియుండెను.

"దానిని తీసినదియు నాసాయే గదండీ?" అని మా బాలుడు వెంటనే అడిగెను. ఈసారి మేము కోపపడలేదు. ప్రశ్న న్యాయమైనది. నిందితుడే తెచ్చిన సాక్షిని న్యాయస్థానము అనుమానముతో చూచును. అందుచేత ఇతరదేశముల సాక్షులను పిలువవలెను. జపానువారి కగూయా నౌక 2008లో అపోలో 15 దిగినచోట నేలరంగు మారియుండుట కనిపెట్టెను. యంత్రపు వాయువు మట్టిని చెదరగొట్టిన జాడ యది. అంతకంటె మేలైన సంగతి వేరొకటి. అచ్చటి కొండల యెత్తుపల్లములను కగూయా కొలిచి తెచ్చిన లెక్కలనుండి, నేలపై నిలిచి చూచినచో దృశ్యమెట్లుండునో జపానువారు కంప్యూటరులో గీచిరి. 1971లో అపోలో 15 యాత్రికులు తీసిన ఫొటోలోని కొండలవరుస అట్లే కుదిరెను. ఒక వంపు కాదు, పెక్కు వంపులు. ఇంకొక సాక్షి మన యింటివాడే. 2019 జూలై 22వ తేదీని మన శ్రీహరికోటనుండి ఎగిరిన చంద్రయానము-2 లోని దిగుడుయంత్రము కూలిపోయినను, పైన తిరుగు నౌక చెడలేదు. సుమారు పావుమీటరు వస్తువును గుర్తింపగల దాని కెమెరా అపోలో 11, 12 స్థలములను చిత్రించెను. కాళ్లతో కలిసి 9 మీటర్ల వెడల్పుగల నౌకాభాగము అందు కనబడుచున్నది. ఆ కెమెరా ఇస్రోవారిది. ఆ రాకెట్టు నెల్లూరు సీమలో పలువురు తమ మేడలపైనుండి చూచినది.

ఫొటోలు గాక ఇతర సాక్ష్యములును కలవు. వానిని తూచి చెప్పవలెను. అపోలో 11, 14, 15 యాత్రికులు అచ్చట ఉంచిన అద్దపు పలకలనుండి లేసరు కిరణమును వెనుకకు రప్పించి చంద్రుని దూరము కొలుచుచున్నారు. దీనిని చూపి యాత్రను రుజువు చేసితిమని కొందరు సంబరపడుదురు. మేమందుకు తొందరపడము, ఏలయన రష్యావారి లునోఖోదు బండ్లు మనుష్యులు లేకయే అట్టి పలకలను చంద్రునికి చేర్చినవి. రాళ్లసాక్ష్యము ఇంతకంటె బలమైనది. రష్యావారి మూడు యంత్రనౌకలు 1970, 1976 నడుమ తెచ్చినదంతయు కలిపినను అరకిలోగ్రాము కాలేదు. అపోలోవారు తెచ్చినది 382 కిలోగ్రాములు. వానిని పలుదేశముల శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఈ పందెములో ఓడిన రష్యా ప్రభుత్వమునకు మోసము బయటపెట్టుటకంటె ప్రియమైన పని వేరొకటి యుండదు. అయినను వారు ఆ మాట అననేలేదు.

ఇక ఆ బాలుని సంగతి. వాడు ఇవన్నియు విని అవుననలేదు, కాదనలేదు. క్రిస్మసు సెలవులలో మేనమామ యింటికిపోయి, పెండ్లిండ్లకు ఫొటోలు తీయు ఆయన పెద్దలెన్సు కెమెరాను పట్టి, పున్నమిరాత్రి డాబామీద కూర్చుండి చంద్రునే ఫొటో తీసెనట. మొదట షట్టరును చాలసేపు తెరవగా చంద్రుడు వెన్నముద్దవలె తెల్లగా వచ్చెను. ఏ మచ్చయు తెలియలేదు. తగ్గించుకొనుచు వచ్చి సెకనులో 250వ వంతునకు దిగినప్పుడు మచ్చలు విడివిడిగా కనబడినవి. ప్రశాంత సముద్రమును వాడు పటము చూచి పోల్చుకొనెను. బడి తెరచినదినమున ఆ చిత్రమును మా బల్లపై నుంచి, కుడిప్రక్కనున్న నల్లమచ్చపై వ్రేలుపెట్టి చూపెను. పిమ్మట ఆ వ్రేలిని చంద్రుని చుట్టును నల్లని భాగముపై నెమ్మదిగా త్రిప్పి, "ఇందులోనూ ఒక్కటీ లేదండి" అనెను.